ఎక్కడ ఆగిందో రాసి పెట్టండి



ఒక పాత కంప్యూటరు సంగతి వినండి.

"కంప్యూటరుతో మాకేం పని?" అంటారేమో. పొదుపు సంఘం లెక్క ఇప్పుడు అందులోనే ఉంటోంది. పాలకేంద్రం లెక్క కూడా అందులోనే ఉంటోంది. డబ్బు మీది. లెక్క మీది. ఆ లెక్క ఉన్న పెట్టె చెడిపోతే నష్టం ఎవరికి?

నెల్లూరు జిల్లాలో ఒక పల్లె అనుకోండి. ఆ పల్లెలో ఆడవాళ్ళ పొదుపు సంఘాలు పద్నాలుగు. అన్నిటికీ కలిపి ఒక ఆఫీసు గది. గదిలో ఒక కంప్యూటరు. 2010లో కొన్నది. అప్పట్లో దాని మీద ఎంబ్రాయిడరీ చేసిన గుడ్డ కప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ గుడ్డా మాసింది, కంప్యూటరూ ముసలిదైంది. పొద్దున బటను నొక్కితే టీ తాగి వచ్చే దాకా తెరుచుకోదు.

దానిలో ఉన్నది విండోస్ 7. విండోస్ అంటే ఏమిటి? కంప్యూటరులో పెత్తనం చేసేది. ఏ పని ముందు, ఏ పని వెనక, ఏ కాగితం ఎక్కడ దాచాలి అని చూసేది. దాన్నే ఆపరేటింగ్ సిస్టం అంటారు. ఇంట్లో పెద్దకోడలు లాగా అనుకోండి. ఆమె మంచాన పడితే ఇల్లు నడుస్తుందా?

విండోస్ 7కి మరమ్మతులు పంపడం తయారుచేసిన కంపెనీ 2020 జనవరి 14న ఆపేసింది. దాని తర్వాత వచ్చిన విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మరమ్మతులు ఆగాయి. మరమ్మతు ఆగితే కంప్యూటరు ఆ రోజే చచ్చిపోదు. కానీ కొత్తగా వచ్చే వైరస్‌లకు తలుపు తీసి పెట్టినట్టే.

లీడరక్క పట్నంలో షాపుకు పోయి అడిగింది.

"విండోస్ 11 దీంట్లో ఎక్కదమ్మా. 4 జీబీ రామ్ కావాల, మీకు 2 ఉంది. దానికి కావాల్సిన భద్రత చిప్పు కూడా దీంట్లో లేదు. ఇనుప సామాన్లకు వేసేసి కొత్తది కొనుక్కోండి" అన్నాడు షాపతను.

అతను అబద్ధం చెప్పలేదు. విండోస్ 11 విషయంలో అది నిజమే. కానీ పెత్తనానికి విండోస్ ఒక్కటే ఉందా? ఆ సంగతి అతను చెప్పలేదు. ఆమె అడగలేదు.

లీడరక్క కూతురు పాలిటెక్నిక్ చదువుతోంది. ఆ పిల్ల చెప్పింది: "అమ్మా, లినక్స్ అని ఉంది. డబ్బు కట్టక్కర్లేదు. పాత వాటిలో కూడా ఎక్కుద్ది."

లినక్స్‌ను ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టాడు. నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రాత్రి బడుల్లో పలకలు పట్టుకున్న రోజులు కూడా అవే. అతను తను రాసింది దాచుకోలేదు. అందరికీ ఇచ్చాడు. దేశదేశాల వాళ్ళు తలో చెయ్యి వేసి పెంచారు. లినక్స్‌లో రకాలు ఉన్నాయి. అందులో 1993లో మొదలైన డెబియన్ ఒకటి. ఆ పిల్ల దాన్ని ఎంచుకుంది.

డెబియన్ కొత్తది, 13వది, 2025 ఆగస్టులో వచ్చింది. అది మరీ పాత కంప్యూటర్లలో, అంటే 32 బిట్ల వాటిలో ఎక్కదు. సంఘం కంప్యూటరులో ఉన్నది కోర్ 2 డుయో. 64 బిట్లది. కనుక ఫరవాలేదు. ఇది ముందే చూసుకోవాలి. వియ్యం అందే చోటే సంబంధం.

ఆ పిల్ల తన ఫోను నెట్టుతో డెబియన్‌ను లాప్‌టాప్‌లోకి దించింది. దాదాపు 4 జీబీ. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించింది. శనివారం సాయంత్రం ఆఫీసు గదికి వచ్చింది. లీడరక్క, లెక్కలు రాసే అమ్మాయి, ఇంకో నలుగురు చేరారు. పెద్దమ్మ కూడా వచ్చింది. ఊళ్ళో అందరికీ ఆమె పెద్దమ్మే. యాభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకుంది. కనబడ్డ ప్రతి బోర్డూ పైకి చదువుతుంది. బస్సులో పక్కవాళ్ళకు విసుగు కూడా పుడుతుంది.

పెన్‌డ్రైవ్ పెట్టారు. బటను నొక్కారు. వచ్చింది పాత విండోసే.

"ఎక్కలా?" అంది లీడరక్క.

ఎక్కకపోవడం కాదు. కంప్యూటరు లేవగానే ముందు ఎక్కడ చూడాలి అని దానికి ఒక వరస ఉంటుంది. ముందు లోపలి డిస్కు, తర్వాత పెన్‌డ్రైవ్ అని ఉంటే, పెన్‌డ్రైవ్ దాకా రాదు. ఆ వరస మార్చాలి. బటను నొక్కిన వెంటనే డిలీట్ గాని, ఎఫ్2 గాని, ఎఫ్12 గాని నొక్కాలి. ఏది నొక్కాలో చాలా వాటిలో తెర అడుగున రెండు క్షణాలు రాసి చూపిస్తుంది. ఆ పిల్ల మార్చింది. సరిపోయింది. పొద్దుపోయింది, రేపు చూద్దాం అని ఆపేశారు.

మర్నాడు మళ్ళీ పాత వరసే వచ్చింది.

"నిన్ననే మార్చాను గదా" అని ఆ పిల్ల తల పట్టుకుంది.

పెద్దమ్మ తెర మీద మూల చూసి చదివింది. "ఇదేందే, 2009 జనవరి 1 అంటోంది. మన కంప్యూటరు అప్పటికి పుట్టనే లేదే!"

అదే గుర్తు. కంప్యూటరు లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాని మీద సి.ఆర్. 2032 అని రాసి ఉంటుంది. కరెంటు లేనప్పుడు తేదీ, టైము, ఈ వరస గుర్తు పెట్టుకునేది దాని బలంతోనే. అది అయిపోతే రోజూ పొద్దున కంప్యూటరుకు మతిమరుపు. తేదీ తప్పుగా ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. నెట్టులో నుంచి ఏదైనా తెచ్చుకోబోతే "ఈ తేదీ కలవడం లేదు" అని అవతలివి ఒప్పుకోవు. ఆ బ్యాటరీ గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. పెద్ద ఖర్చు కాదు. తెచ్చి వేశారు. తేదీ సరిచేశారు. వరస నిలిచింది.

ఈసారి డెబియన్ వచ్చింది. భాషల పట్టికలో తెలుగు కూడా కనిపించింది. అయినా ఆ పిల్ల ఇంగ్లీషే ఎంచుకుంది, కాలేజీ అలవాటు. ఒక్కొక్క ప్రశ్న వస్తోంది. ఆ పిల్ల నొక్కుకుంటూ పోతోంది. పెద్దమ్మ ఊరుకోలేదు.

"ఆగు. అదేంది చెప్పు."

"యూజ్ ఎంటైర్ డిస్క్. డిస్కు మొత్తం వాడుకుంటుందంట పెద్దమ్మా."

"మొత్తం వాడుకుంటే, అందులో ఉన్నవి ఎక్కడికి పోతాయి?"

ఆ పిల్ల చెయ్యి మౌస్ మీదనే ఆగింది. లెక్కలు రాసే అమ్మాయి మొహం పాలిపోయింది.

అక్కలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. అసలు ప్రమాదం ఇదే. కొత్త పెత్తనం ఎక్కించేటప్పుడు డిస్కు తుడిచి ఎక్కిస్తారు. పద్నాలుగు సంఘాల పొదుపు, ఎవరికి ఎంత అప్పు ఇచ్చారు, ఎవరు ఎన్ని కిస్తులు కట్టారు, అన్నీ పోతాయి. చేతి పుస్తకం ఉంది కదా అంటారు. ఉంది. కానీ చివరి నాలుగు నెలలు పుస్తకంలో ఎక్కించలేదు. తర్వాత ఎక్కిద్దాంలే అనుకున్నారు. మీ సంఘంలో కూడా అట్లా అనుకునే ఉంటారు.

డెబియన్ ఆ చోట ఇంకోసారి అడుగుతుంది: డిస్కు మీద రాయమంటావా, వద్దా? వద్దు అన్న దాని మీదే ముందు గుర్తు ఉంటుంది. ఔను అనే దాకా డిస్కులో ఉన్నది చెరగదు. కనుక అక్కడ ఆపేసి వెనక్కి రావచ్చు. వాళ్ళు ఆపేశారు.

లెక్కలు రాసే అమ్మాయి ఇంకో పెన్‌డ్రైవ్ తెచ్చి లెక్కల ఫైలు అందులో వేసింది. "అయిపోయింది పెద్దమ్మా" అంది.

"నీ పెన్‌డ్రైవ్‌లో ఉందని నాకెట్లా తెలుసు? వేరే దాంట్లో తెరిచి చూపించు."

అందరూ నవ్వారు. ఆ పిల్ల లాప్‌టాప్‌లో పెట్టి తెరిచారు. తెరుచుకోలేదు! ఏమైంది? ఆ అమ్మాయి వేసింది ఫైలు కాదు. తెర మీద ఉన్న గుర్తు మాత్రమే. దాన్ని షార్ట్‌కట్ అంటారు. ఆ బొమ్మ మూల చిన్న బాణం ఉంటుంది. అది ఇంటి ముందు బోర్డు లాంటిది. బోర్డు పీక్కుపోతే ఇల్లు వస్తుందా? అసలు ఫైలు వేరే చోట ఉంది. వెతికి అది వేశారు. మళ్ళీ లాప్‌టాప్‌లో తెరిచారు. ఈసారి వచ్చింది. రెండు సంఘాల మొత్తం పుస్తకంతో చూశారు. కలిసింది. అప్పుడు గాని పెద్దమ్మ లేవలేదు.

ఈ పని చేయకుండా ఎవరూ ముందుకు పోవద్దు. ఒకటి కాదు, రెండు పెన్‌డ్రైవ్‌లలో వేసుకుంటే ఇంకా మంచిది. పెన్‌డ్రైవ్‌లు కూడా పోతుంటాయి, పిల్లలు పాటలు ఎక్కించుకోవడానికి తీసుకుపోతుంటారు.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి తుడవమన్నారు. తుడిచింది. గీత ముందుకు జరుగుతోంది. కొంత దూరం పోయి ఆగింది. ఎర్రగా ఒక మాట వచ్చింది: ఇన్‌స్టలేషన్ స్టెప్ ఫెయిల్డ్. అంటే, ఎక్కించడంలో ఈ మెట్టు తప్పింది అని.

పాతది పోయింది. కొత్తది రాలేదు. కబురు వీధిలోకి పోయింది. "కంప్యూటరు పోగొట్టారంట, మా లెక్కలు ఏమైనట్టు?" అని ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. లీడరక్క లాప్‌టాప్ తెరిచి చూపించింది. "లెక్క ఇదిగో. పెట్టె మాత్రమే నడవడం లేదు." వాళ్ళు చూశారు. ఒకామె తన పేరు వెతుక్కుని చూసుకుని మరీ పోయింది. మంచి పనే చేసింది.

ఆ పిల్ల కంగారులో మళ్ళీ నొక్కబోయింది. లీడరక్క చెయ్యి పట్టుకుంది. "ఉండవే. మోటారు ఆగితే ఊరికే స్టార్టరు నొక్కుతామా? కాలిపోదూ? ఎక్కడ ఆగిందో ముందు రాయి."

ఒక నోటుబుక్కు తీశారు. తేదీ రాశారు. ఏ మెట్టులో ఆగింది, వంద పాళ్ళలో ఎంత దగ్గర ఆగింది, తెర మీద ఏ మాట వచ్చింది, అక్షరం వెంట అక్షరం రాశారు. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. అక్షరాల ఆకారం చూసి దించుకోవచ్చు. ఫోనుతో ఫోటో తీసినా సరే. తెలిసినవాళ్ళను అడగాలన్నా ఆ మాటే కావాలి. "ఏదో వచ్చింది, ఏదో పోయింది" అంటే ఏ మేస్త్రీ కూడా చెప్పలేడు.

మళ్ళీ చేశారు. అక్కడే ఆగింది. మూడోసారి చేశారు. అక్కడే ఆగింది.

ప్రతిసారీ ఒకే చోట ఆగితే ఏమని అర్థం? రోజూ బండి ఒకే గుంతలో పడితే తప్పు బండిది కాదు, గుంతది. అంటే చాలాసార్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్న సరుకులోనే తప్పు ఉంటుంది. ఒక్కోసారి లోపలి డిస్కు ఒక చోట పాడైనా ఇట్లాగే జరుగుతుంది. డిస్కు నుంచి టక్ టక్ అని చప్పుడు వస్తే దాన్ని అనుమానించాలి. ఇక్కడ చప్పుడు లేదు. ముందు సరుకు చూద్దాం అనుకున్నారు.

సరుకు సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక చక్కటి దారి ఉంది. డెబియన్ ఇచ్చేవాళ్ళు ఆ ఫైలుకు ఒక గుర్తు రాసి పెడతారు. అందులో 64 అక్షరాలు ఉంటాయి. అన్నీ సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు. పదహారే గుర్తులు. మీ దగ్గర ఉన్న ఫైలును లెక్క కట్టిస్తే అది కూడా 64 అక్షరాలు చూపిస్తుంది. రెండూ ఒకటైతే సరుకు సరిగా ఉన్నట్టు. లోపల ఒక్క చుక్క తేడా ఉన్నా మొత్తం గుర్తే మారిపోతుంది.

ఆ పిల్ల ఒక గుర్తు చదివింది. పెద్దమ్మ రెండో దాని మీద వేలు పెట్టుకుని చూసింది. మొదటి అక్షరమే కలవలేదు. ఫోను నెట్టు మధ్యలో తెగి, ఫైలు సగంలో చెడింది. కాలేజీ నెట్టుతో మళ్ళీ దించుకొచ్చారు. ఈసారి 64 అక్షరాలూ చదివారు. పెద్దమ్మ ఒక్కటి కూడా వదల్లేదు. కలిసింది.

నాలుగోసారి మొదలుపెట్టారు. పోయినసారి ఆగిన చోటు దాటింది. అందరూ "హమ్మయ్య" అన్నారు. ఇంకొంచెం పోయి తెర బిగుసుకుపోయింది. మౌస్ కదలదు. మాటా లేదు, పలుకూ లేదు.

రాశారు: 62 దగ్గర ఆగింది. అయిదోసారి 37 దగ్గర. ఆరోసారి ఇంకా ముందే.

నోటుబుక్కు లేకపోతే ఇది తెలిసేది కాదు. "మళ్ళీ ఆగింది" అని మాత్రమే అనుకునేవాళ్ళు. ముందు ఒకే చోట ఆగేది. ఇప్పుడు తడవకో చోట ఆగుతోంది. అంటే ఇది వేరే జబ్బు. తడవకో చోట ఆగితే అనుమానించాల్సింది మూడు: వేడి, కరెంటు, రామ్.

వేడి సంగతి ముందు చూశారు. వైరు పీకేశారు. పక్క రేకు తీశారు. లోపల ఫ్యానుకు బూజు, దుమ్ము. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులిపారు. కరెంటుకు, పోయే టైము లైన్‌మన్‌ను అడిగి, పోని టైములోనే పని పెట్టుకున్నారు. ఒక జాగ్రత్త. వైరు వచ్చి చేరే ఇనుప డబ్బా ఒకటి వెనక ఉంటుంది. దాన్ని మాత్రం విప్పొద్దు. వైరు పీకేశాక కూడా దానిలో కొంతసేపు షాకు కొట్టేంత కరెంటు నిలిచి ఉంటుంది.

ఇక రామ్. డిస్కు బీరువా అయితే, రామ్ పని చేసుకునే పీట. బీరువాలోది తీసి పీట మీద పెట్టుకునే పని చేస్తుంది. పీట కాలు విరిగితే? ఎప్పుడు పడేస్తుందో తెలియదు. రామ్ చూడటానికి మెమ్‌టెస్ట్ అని ఒక పరీక్ష ఉంది. ఊరికే దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేశారు. పొద్దున చూస్తే తెర నిండా ఎర్ర గీతలు. ఎర్ర గీత ఒక్కటి ఉన్నా తప్పే.

సంఘం కంప్యూటరులో 1 జీబీ రామ్ ముక్కలు రెండు ఉన్నాయి. ఏది చెడిందో ఎట్లా తెలుస్తుంది? ఒకటి తీసి ఒకదాన్నే ఉంచి చూడాలి. రెండూ ఒకేసారి మార్చకూడదు.

వైరు పీకారు. ఇనుప పెట్టెను చేత్తో ముట్టుకుని, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టారు. ఒంట్లో ఉండే కొద్దిపాటి కరెంటు రామ్‌ను చెడగొడుతుంది, అది ఇనుములోకి పోవాలి. రామ్ ముక్కకు రెండు చివర్లా చిన్న కొక్కేలు ఉంటాయి. వాటిని పక్కకు వంచితే ముక్క లేస్తుంది. అడుగున పసుపు రంగు పళ్ళ వరస ఉంటుంది. ఆ పళ్ళ మీద నలుపు పట్టింది.

"రబ్బరు ఉందా?" అంది ఆ పిల్ల. పెన్సిలు రబ్బరు. పలకల కాలం పోయినా పెద్దమ్మ సంచిలో పెన్సిలు, రబ్బరు ఉంటాయి. ఆ రబ్బరుతో మెల్లగా రుద్దారు. నలుపు పోయింది. రబ్బరు పొడి దులిపారు. మరమ్మతు షాపుల్లో చేసేది కూడా ఇదే. నలుపు వల్లనే తప్పు అయితే దీనితోనే పోతుంది.

మొదటి ముక్క పెట్టి పరీక్ష చేశారు. ఎర్ర గీత లేదు. అది తీసి రెండోది పెట్టారు. పావుగంటలో ఎర్ర గీతలు. అదే గాడిలో మొదటిది మళ్ళీ పెట్టి చూశారు. గీత లేదు. అంటే తప్పు గాడిది కాదు, ముక్కదే. ఎంత రుద్దినా రెండోది బాగుపడలేదు.

ఒక్క ముక్కతో, 1 జీబీతోనే మొదలుపెట్టారు. ఏడోసారి. ఈసారి పెద్దమ్మ పట్టుబట్టి భాష తెలుగు అని పెట్టించింది. అన్ని మాటలూ తెలుగులో రాలేదు గాని, చాలా వచ్చాయి. తేలిక రకం తెర ఎంచుకున్నారు, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని. పాత కంప్యూటరుకు బరువైనవి పనికిరావు. గంటన్నర పట్టింది. 37 దాటింది. 62 దాటింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. నూరు అయింది.

అది మళ్ళీ లేచింది. వచ్చింది ఏమిటి? మళ్ళీ ఎక్కించమంటారా అనే మొదటి తెర! లీడరక్క కూలబడింది. ఆ పిల్ల నవ్వి పెన్‌డ్రైవ్ పీకేసింది. వరసలో పెన్‌డ్రైవ్ ముందుంది కదా, అది ఉన్నంతసేపూ దాని దగ్గరికే పోతుంది. పీకి మళ్ళీ బటను నొక్కితే కొత్త తెర వచ్చింది.

లెక్కల ఫైలు లిబర్‌ఆఫీస్‌లో తెరిచారు. అది డెబియన్‌తో పాటే వస్తుంది. ఎక్సెల్‌లో రాసిన పాత లెక్కలు కూడా చాలావరకు తెరుచుకుంటాయి. లెక్కలు రాసే అమ్మాయి కాగితం మీద ఉన్న మొత్తాలు చదివింది. పెద్దమ్మ తెర మీద చూసింది. పద్నాలుగు సంఘాలూ అయ్యేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. ఒక సంఘంలో అరవై రూపాయల తేడా వచ్చింది. కంప్యూటరు తప్పా? కాదు. పుస్తకంలో కూడిక తప్పు. పోయిన ఏడాదిది.

1 జీబీతో నెమ్మదిగానే నడుస్తోంది. లెక్కకు చాలు. పట్నంలో పాత సామాన్ల షాపులో డి.డి.ఆర్.2 రకం 2 జీబీ ముక్క చూసి పెట్టమన్నారు. కొత్త రకాలు ఆ గాడిలో పట్టవు. ఆ నాలుగు నెలల లెక్క చేతి పుస్తకంలో ఎక్కించే పని లెక్కలు రాసే అమ్మాయి మొదలుపెట్టింది. రోజుకు ఒక సంఘం.

చెడిన రామ్ ముక్క పారేయలేదు. పారేస్తే ఎవరో ఒకరు బాగుందనుకుని మళ్ళీ పెడతారని పెద్దమ్మ భయం. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, పైన చీటీ అంటించింది. చీటీ మీద పెన్సిలుతో ఆమె చేతి రాత ఉంది: "ఇది చెడింది. పెట్టొద్దు."